కొడుకు పోయిన దుఃఖంలో ఉన్నాను, అమ్మానాన్నల్ని నేనే చూసుకోవాలి, బయాప్సీ సంవత్సరీకం అయ్యాక చేయించుకోవచ్చా?

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఉన్న ఒక్క బాబు ఏడు నెలల కింద బెంగళూరులో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. మీ నాన్నగారు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు, అమ్మగారికి మతిమరుపు, ఇద్దరి పనీ మీదే. ఈ మధ్య ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే మామోగ్రామ్ తీయించుకున్నారు, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే బై-రాడ్స్ నంబరు 4బి అని వచ్చింది, గడ్డలోంచి ముక్క తీసి చూసే బయాప్సీ చేయించమన్నారు. మీవారు "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. సంవత్సరీకం అయ్యేదాకా ఆపొచ్చా, పెద్దవాళ్ళకి చెప్పాలా, అసలు ఇదంతా ఎవరి కోసం చేయించుకోవాలి అని అడిగారు.

నేను నర్సుని. సర్జికల్ వార్డులో, ఆ తర్వాత చాలా ఏళ్ళు క్యాన్సర్ ఓపీలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూసొస్తుంటాను.

ఆపొద్దమ్మా. ఈ వారం కాకపోతే వచ్చే వారం చేయించుకోండి. ఒక వారం పది రోజులు అటూఇటూ అయితే ఏమీ కాదు, దానికోసం కంగారు పడి రాత్రికి రాత్రి పరిగెత్తక్కర్లేదు, కానీ సంవత్సరీకం దాకా అంటే ఇంకా ఐదు నెలలు, అంత ఆపకూడదు. పెద్దవాళ్ళకి రిపోర్టు వచ్చేదాకా చెప్పక్కర్లేదు. కానీ ఒక్క మనిషికైనా మొత్తం చెప్పాలి, ఒంటరిగా మాత్రం వెళ్ళొద్దు.

ఇక ఎవరి కోసం అన్న మాట. "అమ్మానాన్నల కోసమైనా నువ్వు బాగుండాలి" అని మీకు ఇప్పటికే చాలామంది చెప్పుంటారు, నేను చెప్పను. మీరు ఆల్రెడీ రోజంతా వాళ్ళ కోసమే బతుకుతున్నారు, ఆ మాట మీ నెత్తిన ఇంకో బరువు పెట్టడమే. నేను చూసినదాన్ని బట్టి చెప్తున్నా, బిడ్డని పోగొట్టుకున్న తల్లికి బతకాలనే కోరిక మొదటి ఏడాదిలో రావడం చాలా కష్టం. అది వచ్చాక టెస్టుకి వెళ్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆ కోరిక లేకుండానే కూడా టెస్ట్ చేయించుకోవచ్చు. మనసుతో పని లేదు, ఆధార్ కార్డు, పాత రిపోర్టులు పట్టుకుని వెళ్ళి అరగంట పడుకుంటే చాలు. బయాప్సీకి ఒప్పుకున్నారంటే ఆ తర్వాత ఆపరేషన్‌కీ కీమోకీ అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు. అవి ఏవైనా అవసరమైతే అప్పుడు మళ్ళీ కూర్చుని ఆలోచించుకుంటారు, వద్దనే హక్కు అప్పుడు కూడా మీకుంటుంది. ఇప్పుడు చేసేది అదేంటో తెలుసుకోవడం వరకే.

4బి అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. మామోగ్రామ్ రిపోర్టుల్లో 0 నుంచి 6 దాకా నంబర్లుంటాయి. 3 అంటే దాదాపు ఏం కాదు, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం అంటారు. 5 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతం పైనే. మధ్యలో ఉన్న 4ని ఏ, బీ, సీ అని విడగొట్టారు, మీది బీ, అంటే అవకాశం 10 నుంచి 50 శాతం మధ్యలో. అంటే మీలాంటి రిపోర్టు వచ్చిన పదిమందిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా క్యాన్సర్ ఉండొచ్చు, మిగతావాళ్ళది మామూలు గడ్డే. కాకపోవడానికే ఎక్కువ అవకాశం, కానీ ఊరికే వదిలేసేంత తక్కువ కూడా కాదు. అందుకే ముక్క తీసి చూడమంటారు.

మన దేశంలో రొమ్ము క్యాన్సర్ వాళ్ళు సగానికి పైగా ముదిరాకే ఆసుపత్రికి వస్తారు. వాళ్ళందరూ తెలియనివాళ్ళు అనుకోకండి, చేతికి తగిలినా ఇంట్లో ఏదో ఒకటి అయ్యాక చూద్దాం అని ఆగినవాళ్ళు చాలామంది. కూతురి పెళ్ళి, మనవడి పురుడు, మామగారి ఆపరేషన్. తెనాలి వైపు నుంచి ఒకావిడ వచ్చేది, ఆవిడకి కూడా మీలాగే చెట్టంత కొడుకు పోయాడు, ఏడాది తిరిగాక వెళ్దాంలే అని ఆగింది. వచ్చేసరికి గడ్డ చర్మం పైకి వచ్చేసింది. మొదట్లో వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది, ఆవిడకి ముందు కీమో, తర్వాత పెద్ద ఆపరేషన్, తర్వాత రేడియేషన్, అదే ఏడాది వాళ్ళ అత్తగారిని వేరే ఊరు పంపించాల్సి వచ్చింది. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆగితే పని తగ్గదు, పెరుగుతుంది, మీకు ఇప్పుడు ఓపిక లేనిది పనికేగా.

ఇంకో ఆవిడ, రాజమండ్రి దగ్గర, అమ్మాయిని డెంగ్యూతో పోగొట్టుకుంది. నాలుగు నెలలు గడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు, రాత్రుళ్ళు అదే ఆలోచన. చివరికి బయాప్సీలో ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ అని తేలింది. రిపోర్టు చూసి ఆవిడ సంతోషపడలేదు, భోరున ఏడ్చింది. కూతురి కోసం ఏడవాల్సిన నాలుగు నెలలు ఈ భయం తినేసింది సిస్టర్ అంది. నాకా మాట ఎప్పుడూ గుర్తుంటుంది.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది అని మీ బంధువులెవరో అన్నారని రాశారు. అది నిజం కాదు. ఆ భయంతో ఆగిపోయినవాళ్ళే నష్టపోయారు. అలాగే "ఇంత ఏడిస్తే గడ్డలు రాక ఏమవుతాయి" అన్న మాట కూడా పట్టించుకోవద్దు. ఏడ్చినందుకు రొమ్ములో క్యాన్సర్ వస్తుందని గట్టి రుజువు ఏదీ లేదు, చేతికి తగిలేంత గడ్డ అయితే చాలావరకు లోపల ఎప్పట్నుంచో ఉన్నదే. మీ బాబు పోవడం వల్ల ఇది రాలేదు, మీరు ఏడ్వడం వల్ల రాలేదు.

బయాప్సీ ఎలా చేస్తారంటే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సూదిలాంటి దాంతో లోపల్నుంచి సన్నటి ముక్కలు నాలుగైదు తీస్తారు. తీసేటప్పుడు టక్కుమని చప్పుడు వస్తుంది, ముందే చెప్పి ఉంచితే ఉలిక్కిపడరు. అరగంటలో అయిపోతుంది, అడ్మిట్ అవ్వక్కర్లేదు. సన్నసూదితో చేసే ఎఫ్ఎన్ఏసీ చాలు అని ఎవరైనా అంటే, ఇలా ముక్క తీసే కోర్ బయాప్సీయే కావాలని అడగండి, ఎఫ్ఎన్ఏసీలో కణాలు మాత్రమే వస్తాయి, ముక్క రాదు, దాంతో చాలాసార్లు మళ్ళీ చేయించాల్సి వస్తుంది, మీకు రెండోసారి తిరిగే ఓపిక ఎక్కడిది. రక్తం పలచబడే మాత్రలు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. మామూలుగా పరగడుపున ఉండక్కర్లేదు, వాళ్ళు ప్రత్యేకంగా చెప్తే తప్ప. మీరు సరిగ్గా తినట్లేదని రాశారు కదా, ఆ రోజు మాత్రం ఏదో ఒకటి తిని వెళ్ళండి, ఖాళీ కడుపుతో వెళ్ళి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం, డాక్టర్లు ఎవరూ ముందుగా చెప్పనిది. బ్రెస్ట్ క్లినిక్‌లో ప్రతి చోటా అడిగే ప్రశ్న ఒకటుంది, "పిల్లలెంతమంది?" ఆ తర్వాత "మొదటి కాన్పు ఎన్నో ఏట? పాలు ఎన్ని నెలలు ఇచ్చారు? బాబు ఏం చేస్తున్నాడు?" కౌంటర్‌లో ఒకరు, జూనియర్ డాక్టర్ ఒకరు, స్కానింగ్ దగ్గర ఒకరు. చివరిది ఊరికే మాట కలపడానికి అడుగుతారు, మిగతావి ట్రీట్‌మెంట్‌కి కావాల్సినవే, వాళ్ళ తప్పు కాదు. కానీ మీకు ప్రతిసారీ గుండె కోసినట్టు ఉంటుంది. నేను పనిచేసినప్పుడు కొందరు తల్లులు ఆ ప్రశ్న దగ్గరే లేచి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.

అందుకని ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసుకోండి, లేదా ఎవరిచేతైనా రాయించండి. మీ వయసు, నెలసరి వివరాలు, ఒక కాన్పు, మొదటి కాన్పు ఫలానా వయసులో, పాలు ఇన్ని నెలలు, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా, వాడే మాత్రలు, ఇవన్నీ రాసి కింద "మా అబ్బాయి ఏడు నెలల క్రితం చనిపోయాడు. దయచేసి పిల్లల గురించి మళ్ళీ అడగవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఫైల్‌లో మొదటి పేజీగా పెట్టండి. నోటితో చెప్పక్కర్లేదు, కాగితం ఇస్తే చాలు. మంచి నర్సు ఎవరైనా అది చూడగానే తర్వాతవాళ్ళకి తనే చెప్తుంది.

ఫోన్ నంబర్ సంగతి కూడా చూసుకోండి. చాలా ఇళ్ళల్లో ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో పిల్లల నంబరే ఇచ్చి ఉంటుంది, రిపోర్టులు, ఓటీపీలు అన్నీ దానికే పోతాయి. మీ మామోగ్రామ్ రిపోర్టు బాబు నంబర్‌కి వచ్చిందని రాశారు, అది చదివి నాకు చాలాసేపు బాధేసింది. వెళ్ళగానే మొదటి పని ఆ నంబర్ మార్పించడం, మీవారిదో మీదో ఇవ్వండి. బాబు సిమ్ తీసేయమని నేను చెప్పట్లేదు, అది మీకు ఎప్పుడు చేయాలనిపిస్తే అప్పుడు చేయండి, అసలు చేయకపోయినా పర్వాలేదు.

బాబుని ఆఖరికి ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారో దాని బ్రాంచికే మళ్ళీ వెళ్ళాల్సి వస్తే ఇంకోచోటికి మార్చుకోండి. అదే యూనిఫాం, అదే వాసన, అదే లిఫ్ట్ చూస్తే కాళ్ళు చల్లబడిపోతాయి, ఇది బలహీనత కాదు. అల్ట్రాసౌండ్‌తో బయాప్సీ చేసే డయాగ్నొస్టిక్ సెంటర్లు పెద్ద ఊళ్ళన్నిట్లో ఉన్నాయి. ప్రభుత్వం వైపు అయితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, వైజాగ్ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి, కానీ రోజూ ఇదే పని చేసే చేతులు అవి. ప్రైవేటులో అయితే మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, వెయిటింగ్ హాల్లో కూర్చునే టైం తగ్గుతుంది.

ఆ రోజు పెద్దవాళ్ళ సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు గానీ మీ విషయంలో ముఖ్యం, బయాప్సీ అయ్యాక కనీసం ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తకూడదు, ముఖ్యంగా ఆ వైపు చేత్తో. మీరు నాన్నగారిని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెడతారు, పక్కకి తిప్పుతారు. ఇంటికొచ్చి ఆ పని చేస్తే లోపల రక్తం కారి గడ్డకట్టి నల్లగా వాస్తుంది. ఒక పూటకి కాదు, మూడు రోజులకి మనిషిని మాట్లాడుకోండి. అటెండెంట్ దొరికితే సరే, లేకపోతే మీ తమ్ముడు ఉన్నాడన్నారుగా, ఆయన్ని రమ్మనండి. "అక్కా ఏమైనా కావాలంటే చెప్పు" అని ఫోన్లో అనేవాళ్ళకి ఏం కావాలో మనం చెప్పకపోతే వాళ్ళు అలా అంటూనే ఉంటారు. "బుధవారం పొద్దున ఏడింటికి రా, శుక్రవారం రాత్రి దాకా ఉండు, నాన్నని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి" అని నేరుగా చెప్పండి. మందుల చీటీ, ఏ టైంకి ఏది, యూరిన్ బ్యాగ్ ఎప్పుడు ఖాళీ చేయాలి, అమ్మగారు గేటు తీసుకుని వెళ్ళిపోతారు కాబట్టి తాళం ఎక్కడుందీ, ఇవన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నొప్పికి పారాసెటమాల్ చాలు, గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకోవచ్చు. రక్తం ఆగకపోయినా, వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే చేసినచోటికి ఫోన్ చేయండి.

అమ్మగారు రోజూ "చిన్నోడు ఎప్పుడొస్తాడే" అని అడుగుతున్నారని, రోజూ మీరు పోయాడని చెప్తున్నారని, ఆవిడ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఏడుస్తున్నారని రాశారు. అమ్మా, రోజూ చెప్పక్కర్లేదు. ఆవిడకి ఒకసారి చెప్పారు, మీ బాధ్యత అయిపోయింది. మతిమరుపు ఉన్నవాళ్ళకి ఆ వార్త నిలవదు, బాధ మాత్రం సాయంత్రం దాకా ఉండిపోతుంది. మీకూ రోజూ అదే దెబ్బ. "చిన్నోడు గుర్తొస్తున్నాడా అమ్మా, వాడికి నువ్వు చేసే సున్నుండలంటే ఎంత ఇష్టమో కదా" అనండి, ఆవిడ వాడి గురించి ఏదో ఒకటి చెప్తారు, మీకు వినాలనిపిస్తే వినండి, అనిపించకపోతే పనుందని లేచి వెళ్ళిపోండి. అది అబద్ధం ఆడటం కాదు.

నాన్నగారికి మాట సరిగ్గా రాకపోయినా బుర్ర బాగా పనిచేస్తోందని రాశారు కాబట్టి, రిపోర్టు మంచిది వస్తే చెప్పక్కర్లేదు, మంచిది కాకపోతే మాత్రం దాచొద్దు. మంచంలో ఉన్నవాళ్ళు ఇంట్లో అడుగుల చప్పుడుని బట్టే అన్నీ పసిగడతారు, చెప్పకపోతే ఇంకా పెద్దదేదో ఊహించుకుంటారు. మనవడిని పోగొట్టుకున్న మనిషి ఆయన, ఆయనకీ ఆ దుఃఖం ఉంది, మంచం మీద నుంచి ఎవరికీ చెప్పుకోలేక. రెండు మాటల్లో, ఏం వచ్చింది, ఏం చేస్తున్నారు అని చెప్తే చాలు.

మీవారి "నీ ఇష్టం" గురించి. నేను ఆయన్ని చూడలేదు, కానీ అలాంటి తండ్రుల్ని చాలామందిని చూశాను. కొడుకుని పోగొట్టుకున్నాడు, ఇప్పుడు భార్య గురించి ఈ మాట. చేయించుకో అంటే రిపోర్టు ఏమొస్తుందో అని భయం, వద్దంటే ఆ పాపం తనదవుతుందని భయం. అందుకని నిర్ణయం అడగొద్దు, పని చెప్పండి. "ఫలానా రోజు లీవు పెట్టండి, నాతో రండి, రిపోర్టు మీరే తీసుకోండి." చాలామంది మగవాళ్ళు పని చెప్తే చేస్తారు.

అదే రోజు రక్త పరీక్షలు కూడా ఒకే గుచ్చుతో అయిపోయేలా అడగండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ, బీ12 విటమిన్. మీరు రాసిన నీరసం, గుండె దడ, నిద్ర లేకపోవడం అంతా దుఃఖమే అని మీరూ అనుకుంటారు, చుట్టుపక్కలవాళ్ళూ అంటారు, చాలావరకు అదే కూడా. కానీ రక్తం తక్కువైనా థైరాయిడ్ తేడా చేసినా ఇవే లక్షణాలు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే మాత్రం దుఃఖం అని సరిపెట్టుకోవద్దు, వెంటనే ఈసీజీ తీయించుకోండి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు గుండె కండరం కొన్నాళ్ళు సరిగ్గా కొట్టుకోని జబ్బు ఒకటి నిజంగానే ఉంది, టాకోసుబో అంటారు, 1990లో జపాన్ డాక్టర్లు మొదట రాశారు, ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎక్కువ.

డబ్బు విషయం. బాబు ఆఫీసు ఇన్సూరెన్స్ కార్డు ఉంది, పనిచేస్తుందా అని అడిగారు. ఆ కవరేజీ బాబు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, కొన్ని కంపెనీలు మాత్రం ఆ పాలసీ ఏడాది అయ్యేదాకా ఉంచుతాయి. కాబట్టి హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి అడగాలి, మీరు మాట్లాడలేకపోతే బాబు ఫ్రెండ్ ఎవరైనా సాయం చేస్తారు, సాధారణంగా ఆ పిల్లలు ఇలాంటి పని చెప్తే కాదనరు, వాళ్ళకీ ఏదో ఒకటి చేయాలని ఉంటుంది. బయాప్సీ బిల్లు చాలా పాలసీల్లో విడిగా ఇవ్వరు, కానీ తర్వాత అడ్మిట్ అయితే అడ్మిషన్‌కి ముందు 30 లేదా 60 రోజుల ఖర్చు కలుపుతారు, అందుకని ప్రతి బిల్లూ దాచండి. ట్రీట్‌మెంట్ దాకా వెళ్తే తెలంగాణలో ఆరోగ్యశ్రీ (2023 డిసెంబర్ నుంచి 10 లక్షల దాకా), ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి, కార్డు ఉంటే ఇప్పుడే బయటికి తీసి పెట్టుకోండి. నాన్నగారికి 78 కదా, 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఉంది, ఆధార్‌తో చేస్తారు, అది తమ్ముడికి అప్పజెప్పండి.

రిపోర్టు మామూలుగా వారంలోపు వస్తుంది. ఫోన్‌లో పీడీఎఫ్ వస్తే మీరు ఒక్కరే రాత్రిపూట తెరవొద్దు. మామూలు గడ్డ అని వచ్చినా డాక్టర్‌ని ఒక మాట అడగండి, "స్కాన్‌లో కనపడినదానికీ దీనికీ సరిపోతోందా" అని. సరిపోకపోతే మళ్ళీ ముక్క తీయాల్సి రావచ్చు. క్యాన్సర్ అని వస్తే అది ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హర్2 అనే పరీక్షలకి ఇంకొన్ని రోజులు పడుతుంది, అవి రాకుండా ఏ ట్రీట్‌మెంట్ అని తేల్చలేరు, కంగారు పెట్టేవాళ్ళు ఉన్నా ఆ కొన్ని రోజులు ఆగొచ్చు. తీసిన ముక్కతో ల్యాబులో చేసిన స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని ఇంకోచోట చూపించుకోవచ్చు, ఇస్తారు. సంవత్సరీకం నాటికి ట్రీట్‌మెంట్‌లో ఉన్నా తిథి రోజు ఇంట్లో ఉండాలని డాక్టర్‌కి ముందే చెప్పండి, మేము ఎంతోమందికి అలా డేట్లు ముందుకీ వెనక్కీ జరిపాం.

ఒక విషయం నేరుగా అడుగుతాను, ఏమనుకోకండి. "వాడి దగ్గరికి వెళ్ళిపోతే బాగుండు" అని రాశారు. గడ్డ వల్ల పోతే పోతాను అనే ఆలోచన వేరు, మీ చేతులతో మీరే ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వేరు. రెండోది ఎప్పుడైనా వస్తుంటే దాచకుండా మీవారికి ఈ రోజే చెప్పండి, నిద్ర మాత్రలు ఆయన దగ్గర ఉంచండి, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం పడవు, రాత్రయినా పగలైనా తీస్తారు, తెలుగులోనే మాట్లాడతారు. బయాప్సీ డాక్టర్‌కి కూడా చెప్పండి, సైకియాట్రీకి పంపిస్తే అది పిచ్చికి కాదు. మొదటిది అయినా సరే ఆ నంబర్‌కి చేయొచ్చు, అంత ముదిరేదాకా ఆగాలని లేదు.

మీ ఊరు ఏదో రాయలేదు. జిల్లా పేరు రాస్తే దగ్గర్లో బయాప్సీ ఎక్కడ చేస్తారో, ఏ రోజుల్లో ఓపీ ఉంటుందో కనుక్కుని చెప్తాను. మందుల చీటీ ఎలా రాయాలో, ఆ మొదటి పేజీ కాగితం ఎలా ఉండాలో కావాలన్నా నేను టైప్ చేసి పెడతాను, ప్రింట్ తీసుకుంటే చాలు.